రస్కుకి తలంటు

మా వీధి చివరి బేకరీలో రస్కులు కాల్చే ఆయన, పొద్దున్నే మొదటి ట్రే పొయ్యిలోంచి దింపగానే అందులోంచి ఒక రస్కు తీసుకునేవాడు. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. ఒక చెవిలో వేలు పెట్టుకుని వెనక పళ్లతో కొరికేవాడు. తల లోపల 'కరక్' మని మోగిందా, కూతుళ్లను అత్తారింటికి పంపుతున్నట్టు "వెళ్లి రండమ్మా" అని ట్రేలకు సెలవిచ్చేవాడు. మోగలేదా, ట్రే మళ్లీ పొయ్యిలోకే. అందుకే ఆయన్ని అందరం కరకర బాబాయ్ అనేవాళ్లం.

విరిగిన రస్కులు పారేసేవాడు కాదు. పొట్లం కట్టి, బయట చెప్పులు కుట్టే ముసలాయన సంచిలో, ఆయన తల వంచుకుని ఉన్నప్పుడు పెట్టేసి వచ్చేవాడు. అంత మంచి మనిషికీ ఒక పాడు గుణం ఉంది. రస్కుని పాలలో ముంచుకు తినేవాళ్లని చూస్తే ఆయన నోరు ఊరుకునేది కాదు. అందులోనూ ఇంట్లో ఉన్న అత్తగారంటే మరీ లోకువ.

"ఏంటత్తయ్యా, రస్కుకి తలంటుతున్నారా? తుడవడానికి తువ్వాలు తెమ్మంటారా?"

అత్తగారు తాపీగా ముక్క నోట్లో వేసుకుని, "మీరు కాల్చారుగా అల్లుడుగారూ, పాపం నేను చల్లారుస్తున్నా" అనేది.

అలాంటి బాబాయికి వెనక దంతం ఒకటి పుచ్చింది. పళ్ల డాక్టరమ్మ పీకేసింది. నొప్పి తగ్గింది కానీ దవడ బిగుసుకుపోయింది. చెంచా దూరేంత సందు తప్ప నోరు తెరుచుకోదు. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పరిగెత్తాడు.

"కంగారు పడకండి బాబాయ్‌గారూ, దవడ అలిగింది, అంతే. అలిగినవాళ్లని బలవంతపెడితే ఇంకా బిగుసుకుంటారు. వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టండి. గోరువెచ్చటి ఉప్పునీళ్లు మెల్లగా పుక్కిలించండి. రోజూ కొంచెం కొంచెం నోరు తెరుస్తూ ఉండండి. ఒక వేలు పట్టాక రెండో వేలు. మెత్తటివే తినాలి."

"రస్కు?" అన్నాడు బాబాయ్ పళ్ల సందులోంచి.

"దాని పేరెత్తితే రెండో పన్ను కూడా పీకేస్తా."

మర్నాడు పొయ్యి దగ్గర బాబాయ్ ఓ ఉపాయం పన్నాడు. పిండి కలిపే స్నేహితుణ్ణి పిలిచి, వాడి బుగ్గకి చెవి ఆనించాడు.

"నువ్వు కొరుకురా, నేను వింటా."

"చెవి కాస్త అవతల పెట్టరా బాబూ, పొరపాటున దాన్నే కొరుకుతానేమో!"

వాడు కొరికాడు. సొంత తలలో మోగే కరక్ వేరు, పక్కవాడి బుగ్గ వెనక వినపడేది వేరు. ఆ సంగతి బాబాయికి తట్టలేదు. "ఇంకా పచ్చిగా ఉన్నాయి" అని ట్రేలన్నీ మళ్లీ పొయ్యిలోకి తోయించాడు. ఈసారి దిగినవి రస్కులు కావు, బొగ్గులు.

బేకరీ యజమాని కేకలేయలేదు. ఒక నల్ల రస్కు తీసి బల్ల మీద కొట్టి చూశాడు. బల్లకే సొట్ట పడింది. "రేపు కూడా ఇదే వరస అయితే రస్కులు ఆపేద్దాం లేవోయ్. ఆ పొయ్యిలో బన్నులు పెట్టుకుందాం. నీ దవడకీ సుఖం" అన్నాడు.

బన్నులు! బాబాయికి ఆ పేరే గిట్టదు. చప్పుడే చేయని తిండి అది. ఒకసారి బన్నులు దిగాక ఆ పొయ్యి మళ్లీ తన చేతికి వస్తుందా?

దిగులుతోపాటు ఆకలి కూడా మోసుకుంటూ ఇంటికి వచ్చాడు. పొద్దున్నుంచి మెదిపిన అరటిపండు తప్ప లోపలికి ఏమీ పోలేదు. వంటింట్లో ఎవరూ లేరు. గట్టు మీద మూత పెట్టిన గ్లాసులో గోరువెచ్చటి పాలు, పక్కనే రస్కుల డబ్బా. పాల దగ్గరికి వెళ్లే పిల్లిలా అటూ ఇటూ చూశాడు. ఒక ముక్క ముంచి, పళ్ల సందులోంచి జార్చి, నాలుకతో అంగిట్లో అదిమాడు. ముక్క కరిగిపోయింది. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"తువ్వాలు తెమ్మంటారా అల్లుడుగారూ?"

గుమ్మంలో అత్తగారు. బాబాయ్ గడ్డం మీంచి పాలు కారుతున్నాయి.

"ఇది... పరీక్ష అత్తయ్యా."

"ఆహా. నేనూ ఇన్నేళ్లుగా పరీక్షలే చేస్తున్నా." ఆవిడ పీట లాక్కుని కూర్చుంది. "ఆ పాలు చల్లార్చిందీ నేనే, డబ్బా పక్కన పెట్టిందీ నేనే. మీ సిగ్గు నానడానికే ఇంతసేపు పట్టింది. అన్నట్టు, పోయిన నెల ఓ రోజు మీ రస్కులు లోపల పచ్చిగా వచ్చాయి, తెలుసా?"

"అసంభవం! నేను కొరికి చూశాగా!"

"మీ చెవికి తెలీలేదు, నా నాలుకకి తెలిసింది. బాగా ఎండిన రస్కు గుండెదాకా ఒకేలా నానుతుంది. ఎండనిదైతే నడుమ బంకలా అంటుకుంటుంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఊరుకునేవారా? స్నానం అయింది, ఇక రస్కుకి చీర కూడా కట్టమనేవారు."

బాబాయ్ దవడ కదల్లేదు కానీ బుర్ర కదిలింది. పరువా, పొయ్యా అని కాసేపు ఊగాడు. పొయ్యే గెలిచింది.

మర్నాడు పొద్దున అత్తగారు తన పాలగ్లాసు పట్టుకుని బేకరీలోకి వచ్చింది. మొదటి ట్రే దిగింది. అందరూ చూస్తుండగా ఆవిడ దేవుణ్ణి తలుచుకుని రస్కు ముంచింది. నోట్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. "నడుమ అంటుకుంటోంది. ఇంకాసేపు." ట్రే వెనక్కి వెళ్లింది. మళ్లీ దిగాక ఇంకొకటి ముంచింది. ఈసారి ముఖం విప్పారింది. "వెళ్లి రండమ్మా!"

యజమాని ఒకటి తీసుకుని కొరికాడు. ఆ కరక్ గోడ దగ్గర నిలబడ్డ వాళ్లందరికీ వినపడింది. బన్నుల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

"ఇవాళ్టి నుంచి నువ్వు మెత్త బాబాయివిరా!" అన్నాడు పిండి కలిపే స్నేహితుడు. బాబాయ్ దవడ బిగుసుకుపోయి ఉంది గానీ, లేకపోతే వాడి పని చెప్పేవాడే.

దవడ అలక మెల్లగా తీరింది. డాక్టరమ్మ సరేనన్న రోజున బాబాయ్ చెవిలో వేలు పెట్టుకుని కొరికాడు. తల నిండా మోగింది. ఆయన కళ్లు చెమర్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక తన పని అయిపోయిందనుకుని అత్తగారు గ్లాసు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని బయల్దేరింది.

బాబాయ్ పెరటి గుమ్మం దగ్గర ఆవిణ్ణి అందుకున్నాడు. వెనక ఎవరూ లేరు కదా అని ఒకసారి చూసుకున్నాడు.

"అత్తయ్యా, రేపు కూడా రావాలి మీరు. మీ నాలుక లేకపోతే నా చెవికి ధైర్యం చాలదు. వచ్చేటప్పుడు..." గొంతు ఇంకా తగ్గించాడు. "రెండు గ్లాసులు తెస్తారా? రెండోదానికి మూత పెట్టి తేండి. ఆ పిండి కలిపేవాడు చూస్తాడు."