క్లౌడ్‌కెక్కిన నా కేక

మా ఆయన పోయాక గల్ఫ్‌లోని అల్ వక్రాలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి సుజాత దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగు చర్చి ప్రార్థన ఆ రోజే. డ్యూటీవల్ల దానికి రాలేనివాళ్ళ కోసం అది నేను పాడే భక్తి పాటలతో వెబ్‌సైట్ చేసింది.

"పాట, ప్రోగ్రామ్ అన్నీ ఒకే పెట్టెలో సర్ది క్లౌడ్‌కి పంపుతున్నానమ్మా. కంటైనర్ అంటారు. అక్కణ్ణుంచి ఏ ఫోన్లోనైనా వినపడుద్ది," అంది.

కిటికీ అవతల సముద్రం మంచులో తేలుతోంది. నా గొంతు దానిమీదుగా పోతున్నట్టు ఊహించుకున్నాను.

ఆ శుక్రవారం చర్చి హాల్లో ప్రార్థన అవగానే అందరూ ఫోన్లు తెరిచారు. పాట రాలేదు.

"లెగవే మొద్దూ! పొద్దెక్కింది, డ్యూటీకి పోవా?"

నా బొంగురు కేకే హాలంతా మోగింది. నేను తనని లేపుతుంటే మైకు పరీక్ష కోసం సుజాత రికార్డు చేసింది పొరపాటున పెట్టెలో చేరిందట. సిగ్గుతో కొంగు ముఖానికి కప్పుకున్నాను.

"తీసెయ్యవే!"

"కొత్త పెట్టె కట్టి పంపాలమ్మా, కాసేపు ఓర్చుకో."

ఇంతలో బిల్డింగు పనిలో డ్యూటీలో ఉండి అది విన్న కరీంనగర్ ప్రభాకర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, గా కేక తీసెయ్యకుండ్రి. పొద్దుగాల నన్ను గట్ల లేపెటోళ్ళు ఈడ ఎవ్వరు లేరు."

సుజాత కొత్త పెట్టెలో రెండూ సర్దింది. ముందు కేక, తర్వాత పాట.

ఆయన పోయాక నా అరుపు కావాలనేవాళ్ళు లేరనుకున్నాను. ఇప్పుడు తెల్లవారగానే అది ఏ కార్మికుల క్యాంపులో ఎవర్ని లేపుతోందో అనుకుంటూ టీ పెట్టుకుంటాను.