అవ్వ తట్టు తిరిగిన పళ్లు

ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో పని చేస్తే చాలు, ఆ ఇంటిల్లిపాది ఒంటి సంగతీ వాళ్లే చెప్పాలి. నేను మా అరవ ఊళ్లో వైట్ టౌన్ అనే పేటలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర అప్పుడే చేరాను. నా పని ఫోనెత్తడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం. కానీ మూలకుళంలోని మా ఇంట్లో మాత్రం పళ్ల విషయంలో నా మాటే మాట. (నా ముందుపళ్లు రెండూ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి. ఆ గౌరవానికి అదేమీ అడ్డు రాలేదు.)

కాన్పుకు వచ్చిన అక్క, పసిదాన్ని చీర తొట్లిలో వేసి ఊపుతూ ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. పసిపిల్లలు ఎప్పుడూ ఒకే పక్కకు పడుకుంటే దవడ నొక్కుకుపోయి పళ్లు వంకర వస్తాయని అందులో ఎవరో చెప్పారట. "నిజమా ఏంది?" అని నన్నడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి ఉద్యోగం అడ్డొచ్చి గంభీరంగా తలాడించాను. అక్క నా పళ్ల వైపు చూసింది, తర్వాత అవ్వ వైపు చూసింది. అమ్మ పనికి పోతుంటే నన్ను పెంచింది అవ్వే.

మర్నాటి నుంచి అవ్వ తొట్లి దగ్గరకు రావడం మానేసింది. పసిది ఏడిస్తే వంటింట్లోంచే "ఎవురన్నా ఊపండమ్మా" అనేది. చూసి చూసి నేనే అవ్వ పక్కన కూర్చుని ఎందుకని అడిగాను. "నిన్ను తొట్లిలో యేస్తే, నేను యాడ కూసోని పాడితే ఆ తట్టే తిరిగి పండుకొనేదానివి. ఇంకో పక్కకు తిప్పితే ఏడ్సేదానివి. నాకూ ముద్దుగుండె, అట్నే వదిలేస్తి. నీ మొగం నేనే చెరిపేస్తినా పాపా?" అంది. తలాడించిన ఆ తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అవ్వను ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. అవ్వ తన నేరమంతా అరవంలో ఒప్పుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. "నోరు తెరువు పాటీ" అంది. (అరవంలో అవ్వను అలాగే పిలుస్తారు.) మా అవ్వ జన్మంతా చెంగు అడ్డం పెట్టుకుని నవ్విన మనిషి, ఆమె పళ్లు నేనూ సరిగ్గా చూసి ఎరగను. తెరిచింది. నావి ఎలా ఎక్కి ఉన్నాయో అవీ అలాగే ఉన్నాయి.

"ఇది మీ ఇంటి దవడ పాటీ, ఈ పిల్ల పడుకున్నదానివల్ల వచ్చింది కాదు. పసిదాన్ని మాత్రం చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టండి. అది పళ్ల కోసం కాదు, ఊపిరి కోసం" అంది డాక్టరమ్మ.

అవ్వ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "అయితే నా తట్టు తిరిగినందుకు కాదా?" అని మళ్లీ మళ్లీ అడిగి, కాదంటే ఏడ్చి, ఆనక వీధిలో అందరూ చూస్తుండగా నోరారా నవ్వింది.

కొన్నేళ్లకు నేను క్లిప్పు వేయించుకున్నాను. పళ్లు కుదురుగా వచ్చాయి. అవ్వ నా గడ్డం పట్టుకుని చాలాసేపు చూసి, "బాగుండాయి" అని మాత్రం అంది. ఇప్పుడు అవ్వ లేదు. అద్దంలో ఎంత నవ్వి చూసుకున్నా నాలో కనబడదు. ఆనాటి పసిదానికి పాలపళ్లు ఊడి ముందుపళ్లు ఈమధ్యే వచ్చాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కి. క్లిప్పు ఎప్పుడు వేయిద్దామని అక్క అడిగినప్పుడల్లా, ఇన్నేళ్లు పళ్ల ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, "ఇంకా వయసుందిలే అక్కా" అంటూ వాయిదా వేస్తున్నాను.