‘తెలుసు’ అనే మాటకు సెలవు

నిన్న పెరట్లో దొండపాదు సర్దుతుంటే ఆకు నలిగి అరచేయి పచ్చబడింది. ఆ పసరు వాసనకు ఎదురుగా ఉన్న గోడ మెల్లగా నల్లబడి, నా కళ్ళముందే బ్లాక్‌బోర్డు అయిపోయింది. కళింగపట్నం హైస్కూల్లో శనివారం సాయంత్రాలు దొండాకూ బొగ్గూ కలిపి నూరి, ఆ ముద్దతో బోర్డుకు నలుపు పట్టించేవాళ్ళం ఆడపిల్లలం. కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలికి తడి బోర్డు ఆరేది. అది ఆరేదాకా మా ఇంగ్లీషు టీచరు రాజేశ్వరి గారు గుమ్మంలో నిలబడి, వంశధార సముద్రంలో కలిసే వైపు చూస్తూ ఉండేవారు. ఆ కొత్త నలుపు మీద సోమవారం ఆమె మొదట రాసేది ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. దాని చుట్టూ గడి గీసేవారు. ఇక ఆ వారమంతా ఆ మాటకు సెలవు. క్లాసులో ఎవరూ దాన్ని వాడకూడదు, ఆమెతో సహా. నోరు జారినవాళ్ళు లేచి నిలబడి అదే సంగతిని ఇంకో మాటతో చెప్పాలి.

అరవైల చివరి సంవత్సరాలవి. టీచరుది విజయనగరం. పొందూరు ఖద్దరు చీర, చేతికి గాజులు లేవు, నవ్వితే మాత్రం క్లాసంతా వినబడేది. ‘గుడ్’కి సెలవిచ్చిన వారం నాకింకా గుర్తుంది. మంచి చేప, మంచి చీర, మంచి మనిషి అని ఒకే మాటతో నెట్టుకొచ్చిన మాకు ఒక్కసారిగా దిక్కు తోచలేదు. చేపను తాజా అన్నాం, చీరను మెత్తన అన్నాం, మనిషిని దయగలవాడు అన్నాం. మంచు విడిపోయాక ఒడ్డున తెప్పలు ఒక్కొక్కటే కనబడినట్టు, ఆ మాట తప్పుకోగానే దాని వెనకున్నవన్నీ కనబడ్డాయి.

ఒక సోమవారం గడిలో ‘నో’ అని రాశారు. కాదు అనే ‘నో’ కాదు. తెలుసు అనే అర్థం వచ్చేది, పలకని ‘కె’తో మొదలయ్యేది.

“ఈత వచ్చు అనాలంటే ఏటి సెప్పాల టీచర్?” అని అడిగాను.

“ఈదగలను అను. ‘ఐ కెన్ స్విమ్’.”

“మరి ఫలానా మనిషిని ఎరుగుదును అంటేనో?” అంది నా పక్క పిల్ల.

“కలిశాను అను. కలవకపోతే ఎరుగుదును అనకు.” క్లాసు నవ్వింది. “మనకి వచ్చు, ఎరుగు, తెలుసు అని మూడున్నాయి. ఇంగ్లీషువాడు మూడింటినీ ఒక్క బుట్టలో పడేశాడు. పోనీ, ఆ మూడోది మనకైనా తిన్నగా ఉన్నాదా?” అంటూ గడి కింద వరసగా రాశారు: చూశాను, విన్నాను, చదివాను, ఊహిస్తున్నాను, గట్టిగా అనుకుంటున్నాను. ఒక్కో దానికీ ఒక్కో ఇంగ్లీషు మాట. “ఒక్కదాన్ని పక్కకి తీసీస్తే ఎంతమంది బయటపడ్డారో సూడండే!”

ఆ వారంలోనే, బడి లేని ఒక రోజు, మా తమ్ముడు అప్పన్నకు జ్వరం వచ్చింది. వాడికి మూడేళ్ళు. మధ్యాహ్నానికి కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళాడు. అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టుకుంది. మామ్మ దీపం వెలిగించి పసుపు కొమ్ము కాలుస్తోంది, వాడి పొట్ట మీద వాత పెట్టడానికి. ఆ పొట్ట ఎంత ఉంది? నా అరచెయ్యంత.

“మామ్మా, వద్దు! అది మూఢనమ్మకం!”

“నాలుగు ఇంగిలీసు ముక్కలొచ్చీసరికి మామ్మకే సదువు సెప్తన్నావేటే గుంటా? వాత ఎడితే జొరం ఒగ్గీద్ది. నాకు తెల్సు.”

“ఒగ్గదు! నాకూ తెల్సు!”

గొంతులు పెరిగాయి గాని దీపం ఆరలేదు. నేను రెండు వీధుల అవతలున్న టీచరు ఇంటికి పరుగెత్తాను.

ఆమె వచ్చి మామ్మను గద్దిస్తారని ఆశపడ్డాను. ఆమె దీపం ఆర్పలేదు. మామ్మ పక్కనే నేల మీద కూర్చుని తమ్ముడి నుదురు తాకి చూశారు.

“ఒళ్ళు బాగా కాల్తన్నాది. పెద్దమ్మా, ఇంతకు ముందర ఈ వాత ఎవులికి ఎట్టేరు?”

“సేనామందికి. మా అత్త ఎట్టీది. ఊరంతా ఎడతారు.”

“నీ సేత్తో?”

మామ్మ కొమ్ము వైపు చూసింది. “మా సూరిగాడికి. దీని బాబు కంటే పెద్దోడు.”

నాన్నకు అన్న ఒకడుండేవాడని ఆ క్షణందాకా మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. బయట అలల చప్పుడు చాలా దగ్గరగా వినబడింది.

“తగ్గిందా పెద్దమ్మా?”

“వాత మానక ముందే పోనాడు.”

నేను నోరు తెరిచాను. టీచరు నా మణికట్టు పట్టుకున్నారు. కొమ్ము పొగ మా మధ్య నిలువుగా లేస్తూనే ఉంది. చాలాసేపటికి మామ్మే అడిగింది.

“డాట్టరు కాడికెల్తే తగ్గుద్దేటి పంతులమ్మా? నీకు తెల్సా?”

“నాకూ తెల్దు పెద్దమ్మా. ఆయన సూసి సెప్తాడు. నేనూ వస్తాను తోడు.”

మామ్మ కొమ్మును నేలకు అదిమి ఆర్పింది. “బేగి నడండి మరి. బస్సెలిపోద్ది.”

శ్రీకాకుళం దాకా ఆ ప్రయాణం ఇప్పటికీ కలలా కదులుతుంది. కిటికీ పక్కన పచ్చగా జారిపోతున్న వరిచేలు, మామ్మ ఒళ్ళో తమ్ముడు, వాళ్ళనానుకుని అమ్మ, వాడి నుదుటి మీద టీచరు తడిపి వేసిన చెంగు. నాలో కోపం మాత్రం చల్లారలేదు.

“తెల్దు అని ఎందుకన్నారు టీచర్? తగ్గుద్ది అని సెప్పీయొచ్చు కదా!”

“తెలిస్తే కదే సెప్పడానికి,” అన్నారు. కాసేపాగి నవ్వారు. “అయినా ఆ మాట సెలవులో ఉన్నాది.”

ఆసుపత్రిలో జ్వరం దిగింది, మూర్ఛ మళ్ళీ రాలేదు. అప్పన్న ఇప్పుడు సాలూరులో లారీ తోలుతున్నాడు. చొక్కా విప్పితే పొట్ట మీద ఏ మచ్చా ఉండదు. మామ్మ మారిపోయిందని చెప్పను. దిష్టి తీయడం చివరిదాకా మానలేదు. కానీ ఎవరైనా పసిబిడ్డను తెచ్చి వాత పెట్టమంటే, “నానెట్టను, ఆసుపత్రికి తీసుకెల్లండి,” అనేది. సూరి పేరు ఇంట్లో వినబడడం కూడా అప్పుడే మొదలైంది. అన్నం తింటూ వాడి గురించి ఒక్కో ముక్క చెప్పేది.

ఆ తర్వాత నేను చాలా వేదికలెక్కాను. వాతలకూ తాయెత్తులకూ వ్యతిరేకంగా గొంతు పోయేలా అరిచాను, ఇకముందూ అరుస్తాను. ఒక పసివాడి చర్మం కాలుతుంటే మర్యాదగా ఊరుకోవడం నాకు చేతకాదు. అయితే సభలో గెలవడం వేరు, మనిషి చేతిలోని కొమ్మును ఆర్పించడం వేరు. రెండోదానికి వెళ్ళినప్పుడు నేనూ నేల మీద కూర్చుంటాను. ఎవరికి పెట్టావమ్మా, తగ్గిందా అని అడుగుతాను. అడగడం తొందరగానే వచ్చింది. జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం, ఇన్నేళ్ళయినా, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.