అందరూ వణికే డిస్కు

వేంపల్లె బజారులో పచారి అంగడి తిరుమలయ్య నోట ఎవరూ వినని మాట ఒకటుంది: "నాకు చేతకాదు" అని. ఫ్యాను తిరగకపోతే విప్పుతాడు, గోడ గడియారం ఆగితే విప్పుతాడు, పక్కింటివాళ్ళ మిక్సీ మూలిగితే పిలవకపోయినా వెళ్ళి విప్పుతాడు. విప్పినవన్నీ బాగుపడ్డాయని చెప్పలేం. బాగుపడకపోతే మాత్రం తప్పు ఎప్పుడూ ఆ వస్తువుదే. "కంపెనీవాడే మోసం చేసినాడప్పా" అని, మిగిలిపోయిన మరలు రెండు జేబులో వేసుకుని వచ్చేస్తాడు.

అలాంటి మనిషికి 2006లో అరవై ఏళ్ళు నిండాయి. అమ్మవారిశాల మంటపంలో షష్టిపూర్తి చేశారు. బంధువులంతా వచ్చారు గానీ కూతురు పద్మప్రియ రాలేకపోయింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఆ పిల్ల కడుపు పండింది. కర్నూలులో అత్తగారింట్లో ఏడో నెలతో మంచం మీద ఉంది. రక్తపోటు ఎక్కువగా ఉంది కాబట్టి మంచం దిగకూడదనీ, మనసుకు ఏ దిగులూ తగలనీయకూడదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "మిమ్మల్నిద్దర్నీ పీటల మీద చూసే భాగ్యం ల్యాకపాయ నాన్నా" అని పద్మ ఫోనులో ఏడ్చింది. "ఏడ్వద్దు తల్లీ. నువ్వు పీట పక్కనే కూచున్నట్టు చూపిస్తా. డిస్కు నేనే చేస్తా" అని తిరుమలయ్య మాటిచ్చేశాడు.

డిస్కు ఎలా చేస్తారో ఆయనకు తెలియదు. తెలియకపోవడం ఒక అడ్డంకి అని మాత్రం ఆయన ఏనాడూ అనుకున్నవాడు కాదు.

సరంజామా అంతా ఇంట్లోనే కుదిరింది. అల్లుడు కొత్త కంప్యూటరు కొనుక్కుని, డీవీడీలు రాసే పాతదాన్ని మామకిచ్చాడు. వేడుకంతా తీసింది భార్య కన్యకమ్మ తమ్ముడు వాసుదేవ్, తన సొంత కెమెరాతో. అతనే కెమెరాకు తీగ తగిలించి బొమ్మనంతా కంప్యూటరులోకి దించాడు. ఏ బటను తర్వాత ఏ బటను నొక్కాలో కాగితం మీద రాసిచ్చాడు. "పనయ్యేదాకా కెమెరా గూడా నీ దగ్గరే ఉండనీ బావా" అని చెప్పి ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

కన్యకమ్మ కూడా అంగడిలోనే కూర్చుంటుంది. ఆమె తూకానికి ఆ బజారులో పేరుండేది. జాజికాయ, పచ్చకర్పూరం, కుంకుమపువ్వు తూచే చిన్న తక్కెడను ఆమె చేత్తో ఎత్తి పట్టుకుంటే ముల్లు అటూ ఇటూ పోకుండా నిలబడేది. పోయిన ఏడాది నుంచి మాత్రం "కండ్లు సరిగ్గా ఆనల్యా, మీరే తూయండి" అని తక్కెడను మొగుడికి అప్పగించేసి, కుడిచెయ్యి పైట కొంగు కింద పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుంటోంది. తిరుమలయ్య వెంటనే కళ్ళద్దాలు చేయించాడు. అద్దాలు వచ్చాక కూడా ఆమె తక్కెడ ముట్టలేదు. వయసొస్తే ఆడవాళ్ళకు బద్ధకం వస్తుందని ఆయన తీర్మానించుకుని ఆ సంగతి మరిచిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ అంగడి మూసి, రెండు గంటలకు కరెంటు కోత మొదలయ్యేలోపల ఆయన మొదటి డిస్కు చేశాడు. అది బయటికి రాగానే కన్యకమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త వస్తువు ఏదీ ఆ ఇంట్లో బొట్టు లేకుండా పనిలోకి దిగదు. ఈ బొట్టు ఎందుకో పక్కకు పోయి తోక సాగింది. పైగా ఆమె పెట్టింది మెరిసే వైపున, మిషను చదివే వైపున.

టీవీలో పెట్టి చూస్తే పురోహితుడి ముఖం గళ్ళ తువ్వాలులా ఉంది. మంత్రం చదివే కొద్దీ గళ్ళు అటూ ఇటూ జరుగుతున్నాయి. వియ్యంకుడికి ముక్కు ఉండవలసిన చోట చిన్న చదరం ఉంది. కన్యకమ్మ తన బొమ్మ వచ్చినప్పుడు ముందుకు వంగి, కళ్ళు చికిలించి చూసింది. తర్వాత నెమ్మదిగా గోడకు ఆనుకుంది.

"బాగానే ఉండాది. ఇట్లే పంపించండి" అంది.

"ఏం బాగుండాది? నీకు అద్దాలు చేయించింది దేనికి?" అని తిరుమలయ్య విసుక్కుని, బొట్టువల్లే ఇదంతా వచ్చిందని పంచె చెంగుతో డిస్కును రుద్దాడు. బొట్టు పోయింది, గీతలు పడ్డాయి, గళ్ళు అక్కడే ఉన్నాయి. రెండోది బొట్టు లేకుండా చేశాడు, గళ్ళు వచ్చాయి. ఖాళీ డిస్కులు నాసివని కడప నుంచి వేరే కంపెనీవి తెప్పించాడు, వాటిలోనూ వచ్చాయి. రాసే వేగం తగ్గించాడు. కిటికీ మూశాడు. డీవీడీ ప్లేయరును విప్పి లోపల దూది పెట్టి తుడిచాడు. మళ్ళీ బిగించాక ఒక మర మిగిలింది. ఏది ఎందుకు చేస్తున్నాడో, దేనివల్ల ఏమవుతుందో ఆయనకు అంతు పట్టలేదు.

ఆరో డిస్కు దగ్గర ఆయనకు ఒక అనుమానం వచ్చింది. మూడున్నర గంటల వేడుకను ఒక్క డిస్కులోనే కూరుతున్నాడు. అరబస్తా పట్టే సంచిలో బస్తా బియ్యం పోయడానికి ఏ అంగడివాడూ చూడడు, మరి తానేం చేస్తున్నట్టు? భోజనాలు, బట్టలు పెట్టడాలు అన్నీ కోసేసి, గంట మాత్రం ఉంచి ఏడోది చేశాడు. గళ్ళు మాయమయ్యాయి. ముఖాలు ముఖాల్లా ఉన్నాయి. తిరుమలయ్య తొడ చరుచుకున్నాడు.

ఆ సంతోషం రెండు నిమిషాలు నిలిచింది. మంటపంలోకి నడిచి వస్తున్న వియ్యంకుడు అడుగు ముందుకు వేస్తూ వణికాడు. హారతి పళ్ళెం వణికింది. పరిగెత్తే పిల్లలు వణికారు, విసనకర్రలు వణికాయి, అక్షింతలు వేసే చేతులన్నీ చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. అదే బొమ్మ కంప్యూటరులో చూస్తే ఏమీ లేదు. టీవీలో పెడితే వణుకు. ఎనిమిదోది చేశాడు, తొమ్మిదోది చేశాడు, అదే వణుకు.

"వణికితే ఏమైతాది? మనుషులు గుర్తు పట్టేటట్టే ఉండారు గదా. పంపించేయండి" అంది కన్యకమ్మ, ఈసారి కొంచెం బతిమాలుతున్నట్టు.

"నీకెందుకే అంత తొందర?" అన్నాడాయన. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఎదురుగా టీవీలు బాగుచేసే గోపన్న కొట్టు ఉంది. ఒకర్ని సాయం అడగడం తిరుమలయ్యకు తెలియని విద్య. అందుకని పోట్లాటకు వెళ్ళినట్టు వెళ్ళాడు.

"గోపన్నా, నువ్వు బాగుచేసిన టీవీ వణుకుతాండాదప్పా."

"టీవీ వణుకుతాండాదా, డిస్కులో బొమ్మ వణుకుతాండాదా శెట్టిగారూ?"

"రెండూ ఒకటే గదా!"

"ఒకటి కాదు. మామూలు చానెళ్ళు బాగొస్తాండాయా?"

"వస్తాండాయి."

"అయితే టీవీ తప్పు కాదు. ఇంకోటి చెప్పండి. కదిలేటివే వణుకుతాండాయా, కదలనివి గూడానా?"

తిరుమలయ్య ఇంటికి వచ్చి కాగితం, పెన్ను పెట్టుకుని తొమ్మిదో డిస్కు మళ్ళీ చూశాడు. కలశం వణకలేదు. అరటి బోదెలు వణకలేదు. మంటపంలో ఒక మూల కూర్చుని నిద్రపోతున్న పెద్దాయన ఒకరున్నారు, ఆయనా వణకలేదు. వణికినవన్నీ కదిలేవే. ఆ సంగతి గోపన్నకు చెబితే, అతను కడపలో ఫోటో స్టూడియో నడిపే ప్రదీప్‌కుమార్‌కు ఫోను చేసి చేతికిచ్చాడు.

"టీవీలో ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వస్తాది సార్" అన్నాడు ప్రదీప్‌కుమార్. "మీ దాంట్లో వెనక రావాల్సిన సగం ముందొస్తాండాది. అందుకే మనిషి అడుగు ముందుకేసి అరడుగు వెనక్కి వచ్చినట్టు కనపడతాండాడు. కదలనిదానికి ముందూ ల్యా, వెనకా ల్యా. అందుకే అది వణకదు. సెట్టింగులో ఆ వరస తిప్పండి, సరిపోతాది."

"నాకు తెలుసప్పా, గుర్తు రాల్యా అంతే" అని తిరుమలయ్య ఫోను పెట్టేశాడు.

పదో డిస్కు తయారైంది. కన్యకమ్మను పిలిస్తే పనుందని రాలేదు. ఆయన ఒక్కడే కూర్చుని చూశాడు. వియ్యంకుడు హాయిగా నడిచి వచ్చాడు. హారతి నిలకడగా తిరిగింది. పిల్లలు పరిగెత్తారు, చేతులు అక్షింతలు వేశాయి, ఎక్కడా వణుకు లేదు. తలంబ్రాలు అయిపోయాక వాసుదేవ్ కెమెరాను దగ్గరికి తెచ్చి అక్కను తీశాడు. కొత్త పట్టుచీర, మెడలో దండ, ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి.

ఆ చెయ్యి వణుకుతోంది.

తిరుమలయ్య వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. బొటనవేలు చూపుడువేలి మీద ఆగకుండా ఆడుతోంది, ముక్కుపొడి నలుపుతున్నట్టు. పక్కన కలశం కదలడం లేదు. చీర అంచు కదలడం లేదు. వరస సరిగ్గా తిరగలేదనుకుని పదకొండోది చేశాడు. అంతా బాగుంది, ఆ ఒక్క చెయ్యే బాగాలేదు. గోపన్న అడిగిన ప్రశ్నకు ఇది లొంగడం లేదు. ఇది కదలని చెయ్యి. ఒళ్ళో ఊరికే పెట్టుకున్న చెయ్యి. కదలనిది వణకకూడదు కదా? మరి ఇదొక్కటే ఎందుకు వణుకుతోంది? పన్నెండోది చేశాడు. మరునాడు మధ్యాహ్నం పదమూడోది చేశాడు. ఒక మనిషి బొమ్మలో, ఒక్క చేతికి మాత్రమే రోగం తెచ్చే సెట్టింగు ఏదై ఉంటుందో ఆయనకు ఎంత వెతికినా దొరకలేదు.

చివరికి కెమెరా తీసి, దానికున్న చిన్న తెర మీద అసలు టేపు పెట్టి చూశాడు. డిస్కు లేదు, కంప్యూటరు లేదు, టీవీ లేదు. అయినా చెయ్యి వణుకుతోంది. ఆపే బటను నొక్కితే నిలిచింది. వదిలితే వణికింది. నొక్కాడు, వదిలాడు. అట్లా ఎన్నిసార్లు చేశాడో ఆయనకే తెలియదు.

అప్పుడు తక్కెడ గుర్తొచ్చింది. ముట్టని తక్కెడ, పనికిరాని అద్దాలు, పక్కకు సాగిన బొట్టు, పైట కొంగు కింద చెయ్యి. బొమ్మలో ఏ తప్పూ లేదు. ఏడాదిగా పక్కనే కూర్చున్న మనిషిని చూడని తప్పు తనదే. తిరుమలయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది, దాని వెనకే భయం వేసింది.

"యాడాది దాటింది" అన్న మాట వెనక నుంచి వినపడింది. కన్యకమ్మ గడప దగ్గర నిలబడి ఉంది.

"నాకన్నా చెప్పకూడదా కన్యకా?"

"చెప్తే నన్ను గూడా విప్పి చూస్తారని భయపడితి."

తిరుమలయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఆ చెయ్యి పట్టుకుంటే ఆయన అరచేతిలో కూడా అది ఆగకుండా ఆడుతూనే ఉంది.

"సోమవారం కడపకు పోదాం. నరాల డాక్టరుకు చూపిద్దాం."

"పోదాం. కానీ పద్మకు తెలీకూడదు. నీళ్ళాడి బిడ్డ చేతికొచ్చేదాకా తెలీకూడదు. అది చూసిందంటే మనసు ఊరుకోదు, ఒళ్ళు ఊరుకోదు. అందుకే ముందు నుంచీ మొత్తుకుంటాండా, మసకదే పంపించండని."

తిరుమలయ్య ఒక్కో దారీ తూచి చూశాడు. తలంబ్రాలూ, ఆ తర్వాత కన్యకమ్మ కూర్చున్నదీ కోసేస్తే పని తీరిపోతుంది. కానీ పద్మ చూడాలన్నదే వాళ్ళిద్దరినీ పీటల మీద. తల్లి లేని వేడుకను పంపితే ఆ పిల్లకు అనుమానమే వస్తుంది. పదమూడోది పంపితే ఆ ఒక్క చెయ్యే కనపడుతుంది. ఆయన లేచి అలమర తెరిచాడు. పాడైన డిస్కులన్నీ అక్కడ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఆయన చేతిరాతతో అంకె ఉంది. తొమ్మిదోది తీశాడు. అందరూ వణికేది అదే. పదిమంది చేతులు వణికేచోట ఒక చెయ్యి ఎవరి కంటా పడదు. కవరులో పెట్టి, కర్నూలు బస్సు పార్శిల్లో వేయించాడు.

నాలుగో రోజు అంగడి ఫోను మోగింది.

"నాన్నా, చూసినా. మీరిద్దరూ శానా బాగుండారు. అయితే అందరూ వణుకుతాండారు ఏంది నాన్నా? మా మామ నడుస్తాంటే నవ్వు ఆగల్యా నాకు. అమ్మ చెయ్యి గూడా ఎట్ల వణుకుతాందో!" పద్మ నవ్వుతోంది. షష్టిపూర్తి రోజు ఏడ్చిన గొంతు కాదది. "ఎందుకట్ల వచ్చింది?"

కంపెనీవాడి మోసం అనడానికి తిరుమలయ్యకు అలవాటైన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"శానా తిప్పలు పడితినమ్మా" అన్నాడు. "నాకు చేతకాల్యా."

"నువ్వేనా నాన్నా ఈ మాట అనేది?" అని మళ్ళీ నవ్వింది.

"నేనే తల్లీ" అని ఆయన ఫోను పెట్టేసి తిరిగి చూశాడు. కన్యకమ్మ గల్లా దగ్గర కూర్చుని అంతా వింటోంది. కుడిచెయ్యి పైట కొంగు కింద లేదు, బల్ల మీద ఉంది.