గోరువెచ్చని నీళ్ళకు మూర్ఛ వచ్చిన ఎలుక

దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలను నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. చదివింది ఏడో తరగతే. సగటులు, శాతాలు పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. కొలవడానికి వచ్చేదాన్నే నమ్ముతాను. ఇది కూడా అలాగే, కొలిచింది కొలిచినట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగింది. పాల్వంచ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో జంతువుల గది చూసుకునేవాణ్ణి. తలమీద వేడినీళ్ళు పోసుకుంటే కొందరికి మూర్ఛ వస్తుంది. అదెందుకో తెలుసుకోవాలని అక్కడి సారు ఎలుకల మీద పరిశోధన చేస్తున్నారు. సగం ఎలుకల తలమీద వేడినీళ్ళు, మిగతా సగానికి పోలిక కోసం గోరువెచ్చనివి. వేడివి పోసిన వాటిలో కొన్నిటికి మూర్ఛ వచ్చేది. గోరువెచ్చనివి పోసిన వాటిలో ఒక్కదానికీ రాలేదు. నీళ్ళ వేడి, సమయం రాసే పని నాది.

ఆ పని వల్లే మా చెల్లెలి కూతురు రాణి జబ్బు నాకు అర్థమైంది. వాళ్ళది టేకులపల్లి దగ్గర పల్లె. పదేళ్ళ పిల్లకు తలస్నానం చేయిస్తే మూర్ఛ వచ్చేది. నాయనమ్మ నాగమ్మత్త అది గాలి అనుకుంది. వదిలించడానికి వావిలాకు వేసి కాచిన నీళ్ళు ఓర్చుకోగలిగినంత వేడిగా తలమీద పోసేది. మూర్ఛ వస్తే గాలి కదిలిందని ఇంకో చెంబు పోసేది. ఆ మందే రోగాన్ని పెంచుతోందని థర్మామీటరు పట్టుకుపోయి మూడుసార్లు చెప్పాను.

"ఎలుకల డాక్టరువైతివి గదా అల్లుడా. మనుషుల సంగతి మాకిడిసిపెట్టు" అంది.

ఒక మంగళవారం పొద్దున పది నలభైకి, గోరువెచ్చని నీళ్ళు పోసిన ఎలుక ఒకటి మూర్ఛపోయింది. ఇంకో థర్మామీటరు పెట్టి చూశాను. రెండూ ముప్పై ఏడే చూపించాయి. ఎలుక తల ఎడమకు మెలి తిరిగింది, కుడి ముందుకాలు కొట్టుకుంది. రాణికి అచ్చం అలాగే వస్తుంది. మిగతా ఎలుకల్లో దేనికీ అలా రాగా చూడలేదు.

పది నలభై మూడుకు ఆఫీసు ఫోను నుంచి చెల్లెలి ఇంటి పక్క కిరాణా దుకాణం సాంబయ్యకు చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను.

"సాంబయ్యా, మా చెల్లెలింటికి ఉరుకు. పిల్లకు నీళ్ళు పోస్తుంటే ఆపు."

"ఏందన్నా, ఈ యాళకు నీళ్ళేంది? పిల్ల బడికి పోయుంటది. గిరాకీని ఇడిసి ఉరకాల్నా?"

"లేకుంటే వచ్చినంక నన్ను తిట్టు. ముందుగాల ఉరుకు."

రాణి బడికి పోలేదు. మంగళవారం గాలి వదులుతుందని అత్త ఆపేసింది. చెల్లెలు, బావ చేనుకు పోయారు. దొడ్లో పిల్లకు రెండు చెంబులు పోసి, ఇంకిన్ని వేణ్ణీళ్ళ కోసం అత్త పొయ్యి దగ్గరికి పోయింది. సాంబయ్య వెళ్ళేసరికి రాణి తల నీళ్ళ గాబులో ఉంది, చెయ్యి కొట్టుకుంటోంది. లాగి బోర్లా వేస్తే నీళ్ళు కక్కి ఊపిరి పీల్చింది.

తర్వాత లెక్క వేశాను. దుకాణం నుంచి దొడ్డికి నిమిషం నడక, సాంబయ్య చేరేసరికి పది నలభై అయిదు. పది నలభై నుంచీ పిల్ల ముఖం నీళ్ళలోనే ఉంటే బతికేది కాదు. అంటే ఎలుకకు ముందు వచ్చింది, పిల్లకు తర్వాత.

అదే ఎలుకకు అవే నీళ్ళు మరో పదిసార్లు పోశాను. ఏమీ కాలేదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుందని, ఆ ఒక్కటి వదిలేయమని సారు అన్నారు.

సాయంత్రం బస్సులో వెళ్ళాను. రాణి అమ్మ ఒళ్ళో పడుకుని ఉంది. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది.

"నీకెవరు జెప్పిండ్రు అల్లుడా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "ఎలుక" అన్నాను.

వెక్కిరిస్తుందనుకున్నాను. "గట్లనా" అని లేచిపోయి, వావిలాకు తీసి పెంటలో పారేసింది. మర్నాడు మాతోపాటు ఆమె కూడా దవాఖానాకు వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ పిల్ల తలమీద వేడినీళ్ళు పోయలేదు.

మూడుసార్లు నేను చెప్పిన లెక్క వినని మనిషి, ఎలుక మాట విన్నది. అలా ఎలుకలు చెప్పవని ఆమెకు నచ్చజెప్పాలంటే, ఆ ఎలుక మూర్ఛకు ఇంకో కారణం చూపించాలి. అది నా దగ్గర లేదు. ఇప్పటికీ దొరకలేదు.