నేను చూసింది చేతిని మాత్రమే

నగరంలో బస్టాపు దగ్గర బాంబు పేలి మూడు వారాలైంది. ఆ పొద్దున నందికొట్కూరులో మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. తర్వాతేం జరిగిందో తెలియదు. చూసుకుంటే గ్యాస్ బండ పక్కన, రెండు చేతులతో తల కప్పుకొని నేల మీద పడి ఉన్నాను. పేలుడులో అయిన చెవి గాయం మానుతోంది, గండం గడిచిందనే అప్పటిదాకా అనుకున్నాను.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. బాంబు పేలిన రోజు మా తమ్ముడి భార్య సుజాత, నేను చుట్టాల పెళ్లికి చీరలు కొనడానికి నగరానికి వెళ్లాం. నీళ్ల బాటిల్ కోసం నేను నాలుగడుగులు పక్కకు వెళ్లాను. నేను బతికాను. సుజాత చనిపోయింది.

కర్నూలులో ఈఎన్‌టీ డాక్టర్ ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించారు. "ఎడమ కర్ణభేరికి పడిన చిల్లు పూడుతోంది. ఈ భయం మాత్రం నేను చూసేది కాదమ్మా" అని సైకియాట్రీకి పంపారు. అక్కడి డాక్టరమ్మ గంటసేపు విన్నారు. "పీటీఎస్‌డీ అంటారు, పెద్ద ప్రమాదం తర్వాత మనసులో మిగిలిపోయే భయం. ఇది పిరికితనం కాదు, ఇదీ గాయమే" అన్నారు. మాత్రలు, వారానికోసారి కౌన్సెలింగ్ రాశారు.

నిద్ర కాస్త పడుతున్న రోజుల్లో దర్యాప్తు అధికారులు ఇంటికొచ్చారు. టేబుల్ మీద ఆరు ఫోటోలు పరిచి, బ్యాగు పెట్టిన మనిషి వీళ్లలో ఉన్నాడా అని అడిగారు. నాకు గుర్తున్నది నల్ల బ్యాగు, దాన్ని వదిలిన చెయ్యి. రేపు చెప్తానన్నాను.

వాళ్లు వెళ్లాక తమ్ముడు శివారెడ్డి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మూడో ఫోటోలో వాడేనక్కా. టీవీలో దినామూ చూపిస్తాండారు గదా."

"నేను మొగం చూడలేదురా."

"ఇదేమన్నా దొంగతనం కేసా? యుద్ధం. యుద్ధంలో సాక్ష్యాలు యాడన్నా అడుగుతారా? సుజాతను చంపేముందు ఎవురన్నా అడిగినారా?"

మరుసటి రోజు మూడో ఫోటో మీద వేలు పెట్టాను. వాడేనని నమ్మాను కూడా.

వాంగ్మూలం మీద సంతకం చేశాక జబ్బు తిరగబెట్టింది. కలలో ఆ చేతికి ముఖం రావడం మొదలైంది, ఒక్కోసారి ఒక్కో ముఖం. క్లాసులో బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరగడానికి భయపడేదాన్ని. డాక్టరమ్మ డోసు పెంచారు.

ఒక మధ్యాహ్నం మా వీధి టైలర్ మస్తాన్ కొట్టు షట్టర్ సగం దించి ఉంది. దాని మీద రాళ్ల సొట్టలు.

"ఏమైంది మస్తానూ?"

"ఏంల్యా మేడం. ఇది యుద్ధమంట. నేను ఏ పక్కో చెప్పమంటాండారు. ముప్పై ఏండ్లుగా ఈడ్నే గుడ్డలు కుడ్తాండా, ఇంగేం చెప్పల్ల?"

శివారెడ్డి అన్న మాటే. మా ఇంట్లో విన్నప్పుడు అది నాకు దుఃఖంలాగే వినిపించింది.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. "మీరు అబద్ధం చెప్పారని నేననను. షాక్‌లో మెమరీలో గ్యాప్స్ వస్తాయి. తర్వాత చూసినవాటితో మెదడు వాటిని నింపుకుంటుంది. మీరు చూసిందేదో, టీవీ చూపించిందేదో విడదీయగలరా?" అన్నారు.

విడదీయలేకపోయాను.

కోర్టులో మూడో ఫోటోలోని మనిషిని నాకు చూపించారు. అతను నా వైపు చూడలేదు. "నేను చేతిని మాత్రమే చూశాను. ముఖం టీవీలో చూశాను. ముందు చెప్పింది తప్పు" అన్నాను. జడ్జి మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను.

బయట శివారెడ్డి చెట్టు కింద నిలబడి ఉన్నాడు. "సుజాత పోటోకు ఇంగెట్ల దండం పెడ్తావక్కా?"

"వీడు గాకపోతే, చేసినోడు ఇంగా యాడ్నో తిరుగుతాంటాడురా."

వాడు నన్నక్కడే వదిలి బస్సెక్కి వెళ్లిపోయాడు.

కేసు ఇంకా నడుస్తోంది. అతని మీద వేరే సాక్ష్యాలున్నాయంటారు, లేవనీ అంటారు. నాకు మాత్రలు ఒకటికి తగ్గాయి, ఎడమ చెవిలో హోరు మాత్రం పోలేదు. శివారెడ్డి మా గడప తొక్కి ఏడాదైంది. రద్దీలో ఇప్పటికీ జనం చేతుల వైపే చూస్తాను. జరిగింది యుద్ధమా నేరమా అని అడిగితే నేరమనే అంటాను. యుద్ధమన్నవాళ్లెవరూ నీకెలా తెలుసని నన్ను అడగలేదు, కోర్టు అడిగింది.

ఇలాంటిది మీకెదురైతే, చెయ్యి కదిలించగలిగిన మొదటి రోజే, టీవీ పెట్టకముందే, కళ్లారా చూసినంత వరకు కాగితం మీద రాసి తేదీ వేయండి. ఒక కాపీ డాక్టరుకివ్వండి. తెలియని చోట తెలియదనే రాయండి.