ఇవ్వని బిడ్డ

బంగారమ్మకు కవలలు పుట్టినప్పుడు తాతలనాడు ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్లుండే ఇసిపింగోలో ఆ వీధి వీధంతా చూడవచ్చింది. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరిదీ ఒకటే పోలిక. కాకపోతే కెస్సీ బొద్దుగా ఉండేది, డాలీ ఎలకపిల్లలా ఉండేది. కొన్ని మైళ్ల దూరాన, చెరకు తోటల నడుమ ఒట్టావా అనే ఊళ్లో ఉన్న అక్క మంగమ్మకు పిల్లల్లేరు. బిడ్డల్లేని తోడబుట్టినదానికి ఒకరిని ఇవ్వడం వాళ్ల ఇళ్లల్లో ఉన్నదే. ఇవ్వాల్సిందేనని అత్తగారు తేల్చేసింది. ఏ తల్లయినా ఏం చేస్తుంది చెప్పండి? బొద్దుగా ఉన్నదాన్ని ఒళ్లో దాచుకుని, బతుకుతుందో లేదో తెలియనిదాన్ని ఇచ్చేసింది.

ఆ పాపం ఆవిణ్ణి ఏళ్ల తరబడి తినేసింది. తీరా చూస్తే నాలుగో ఏట ఉబ్బసపు పిల్లికూతలు పట్టుకున్నాయి కెస్సీకి! ఇంటి వెనకే కర్మాగారాల గొట్టాలు. పొద్దున ఆరేసిన తెల్లదుప్పటి సాయంత్రానికి మసిగుడ్డ అయ్యేది. మొగుడి పని అక్కడే, ఇక కదిలేదెక్కడికి? ఆ పనీ పోయాక అతను తాగొచ్చి కేకలేసేవాడు. తలుపు చప్పుడైతే చాలు, పిల్లకు ఊపిరి బిగుసుకునేది. ఒట్టావాలోనూ చెరకు తోటలు తగలబెడితే మసి రాలేది కానీ, అది ఏడాదిలో కొన్నాళ్లే. మంగమ్మ ఇంట్లో గట్టిగా అరిచేవాళ్లూ లేరు. డాలీ పుష్టిగా ఎదిగింది.

తొంభై నాలుగులో తెల్లవాళ్ల పెత్తనం పోయి అందరికీ ఓటొచ్చినప్పుడు, ఆ మొదటి ఓటుకు కవలలిద్దరూ కలిసే వెళ్లారు. గంట గడిచేసరికి కెస్సీ గట్టుమీద కూలబడింది. వరసలో ఎవరో మంచిమనిషి డాలీని పట్టుకుని, "మీ ఆంటీకి కుర్చీ తేనా?" అని అడిగాడు. అయ్యో, అప్పటికి ఇద్దరికీ ఇరవై ఆరే!

"మా రక్తమే అంత" అని బంగారమ్మ సరిపెట్టుకునేది. రక్తం మీదికి తోసేస్తే తల్లి మీదికి రాదు కదా.

మూడేళ్లకు కెస్సీ ఆసుపత్రి పాలైంది. అక్కడి డాక్టరు సరోజిని ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చింది. తెలుగు మాట వినబడగానే బంగారమ్మ ప్రాణం లేచొచ్చింది.

"మా బ్లడ్డే అట్టాటిది డాక్టరమ్మా. మా నాయినా దగ్గి దగ్గే పోయినాడు."

ఇద్దరూ ఎక్కడెక్కడ పెరిగారో అడిగి తెలుసుకుని, సరోజిని మంచం పక్కనున్న డాలీని చూసింది.

"రక్తం ఇద్దరిదీ ఒకటే కదమ్మా. పుట్టుకతో వచ్చిన గుణాలన్నీ అందరిలోనూ పైకి రావు. పీల్చే గాలి, తినే తిండి, ఇంట్లో భయం కూడా కొన్నిటిని లేపుతాయి, కొన్నిటిని పడుకోబెడతాయి. కెస్సీ కూడా చిన్నప్పటినుంచే ఒట్టావాలో పెరిగుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో."

మంచికే చెప్పింది పాపం. బంగారమ్మకు మాత్రం, దాచుకున్న బిడ్డనే నువ్వు పాడుచేశావన్నట్టు వినబడింది.

"అయితే ఇప్పుడే ఒట్టావా తీసుకుపోతా. మా అక్క కాదనదు."

"తీసుకెళ్లండి, కొంత తెరిపి దొరుకుతుంది. కానీ ఊపిరితిత్తుల్లో పాడైనదంతా తిరిగి బాగవదమ్మా."

డాక్టరు వెళ్లాక కెస్సీ ముఖం మీది మాస్కు పక్కకు లాగింది. డాలీ వైపు చాలాసేపు చూసి తల్లి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, అదే భరించలేని సంగతి.

"మా, నన్నెందుకు ఉంచుకున్నావ్?"

బంగారమ్మ భోరుమంది. మాస్కు సర్దబోతే కన్నీళ్లలో పట్టీ కనబడలేదు. డాలీయే వంగి, కెస్సీ చెవి వెనక దాన్ని తగిలించింది.